ఉన్నానన్న మూటలు

సోమవారం. గాలి తక్కువ.

ప్రార్థన చేసుకుని గేటు గది తెరిచాను. గట్టు మీది నుంచి ఆరు మూటలు వచ్చాయి. అయిదింటికి పచ్చ దీపం వెలిగింది, ఒకదానికి పసుపు. గది ఊడ్చాను.

ఇక్కడ జరిగేది రోజూ రాసి ఉంచమని వీరభద్రం గారు చెప్పారు. రేపు నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే వాళ్లకు తెలియాలట. ఈ గేటును కట్టింది ఆయనే, ఇప్పటికీ పెద్ద ఆయనే. కాబట్టి తెలియనివాళ్లకు చెప్పినట్టే రాస్తున్నాను.

సముద్రంలో స్తంభాల మీద కట్టిన మా స్తంభాలపేటలో తాగే నీళ్లన్నీ కుండలవే. కుండ అంటే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం, ఇళ్ల వరుసకొకటి. అది ఎలా నడవాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను గట్టు మీద, అంటే అవతలి ఒడ్డున, రాస్తారు. చిన్న చిన్న ప్యాకేజీలుగా తీగ మీద వస్తుంది. వాటిని మేం మూటలంటాం. మూటను రాసినవాళ్లే దానికి ఒక పరీక్ష కూడా కట్టి పంపుతారు. ఆ పరీక్షను గేటు, అంటే ఈ గదిలోని యంత్రం, తనంతట తానే నడిపిస్తుంది. నెగ్గితే పచ్చ, ఆ సాయంత్రమే మూట అన్ని కుండల్లోకీ పోతుంది. ఓడితే ఎరుపు, వెనక్కి. అసలు పరీక్షే కట్టకపోతే పసుపు. పసుపు మూట, కాపురాలు లేని ఎండు వరుసలో ఉన్న కుండలో తొమ్మిది రోజులు నడవాలి. ఆ నీళ్లు బాగున్నాయని తేలాకే మిగతా వరుసలకు వెళ్తుంది.

నా పని దీపాలు చూడటం, రాయడం. పదో తరగతి చదివినదాన్ని, ఇంతకుమించి నన్నెవరూ అడగలేదు.

బుధవారం. దక్షిణపు గాలి, అల కొంచెం ఎక్కువ.

పని ముగించి నాలుగో వరుసకు వెళ్లాను. మా తోటికోడలు దీనమ్మ ఇల్లు అక్కడే. మా ఇంటాయనా, ఆయన తమ్ముడైన దీనమ్మ భర్తా బియ్యం పడవ మీద పనిచేస్తారు. వెళ్తే వారాల తరబడి రారు. అన్నాళ్లూ ఆమెకు నేను, నాకు ఆమె. దీనమ్మకు మూత్రపిండం ఒక్కటే పనిచేస్తుంది. ఉప్పు తినకూడదు, తినదు కూడా.

బల్లబాట మీద నా అడుగుల చప్పుడు వినగానే లోపలి నుంచి పలకరించింది.

"రా అక్కా. గేటు మూసొచ్చావా, దొంగలకి వదిలేసొచ్చావా?"

"మూటలెత్తుకుపోయే దొంగలెవరే?"

"వచ్చినా నువ్వేం చేత్తావులే. కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపిత్తావు."

గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. మామూలుగా నన్ను చూడగానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లే మనిషి లేవలేదు. కాళ్లు చూశాను. చీలమండ ఎక్కడుందో తెలియడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఏంటే ఇది?"

"నడకెక్కువైందక్కా."

"ఎక్కడికి నడిచావు, సముద్రంలోకా?"

నవ్వింది గాని ఊపిరి చాలలేదు, మధ్యలో ఆగింది.

"ఉప్పేమైనా వేసుకుంటున్నావా?"

"ఒట్టు. కావాలంటే కూర నోట్లో ఎట్టుకో. గడ్డి నయం." గంజి గిన్నె నా వైపు తోసింది. "ఇది మాత్రం ఏటో తెలీట్లేదు. ఈ మధ్య గిన్నె అంచున తెల్లగా కడతాంది. ఎంత తోమినా మర్నాటికి మళ్లీ అంతే."

వేలికి రాసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే. గుమ్మంలోకి వచ్చి వరుస చివరి కుండ వైపు చూశాను. దాని మీది ఉప్పు కొలత ముల్లు మంచి గీత దగ్గరే నిలబడి ఉంది.

మా పేటలో ఒక ఆచారం ఉంది. పొద్దున గంట కొట్టగానే ప్రతి ఇంటివాళ్లూ గోడ మైకులో "ఉన్నాం" అనాలి. ఉప్పెన వచ్చిన ఏడు పెట్టారు, అప్పటి నుంచి ఒక్క పొద్దూ తప్పలేదు. పలకని ఇంటికి మనుషులు పరుగెత్తుతారు.

"రోజూ ఉన్నాం ఉన్నాం అంటున్నావు కదా, కాళ్లిలా అయ్యాయని ఒక్కరోజైనా చెప్పలేదేం?"

"మైకు అడిగేది ఉన్నావా అని. ఉన్నాను, చెప్పాను. కాళ్లెలా ఉన్నాయని అదడిగితే కదా నేను చెప్పడానికి."

శుక్రవారం. మబ్బు.

ఆరోగ్య గది నర్సు వరుస వరుసకూ తిరిగి నీళ్లు పట్టి కొలిచింది. ఉండాల్సిన దానికి రెండింతలకు పైగా ఉంది ఉప్పు. అన్ని కుండల్లోనూ. ఒంట్లో బాగున్నవాళ్లకు అది తెలిసేంత కాదు. రెండో వరుసలో అయితే ఈ నెలంతా చేపల పులుసు బాగా కుదురుతోందని అనుకుంటున్నారట.

ఉప్పు కొలత మూట కొత్తది కిందటి నెలలో వచ్చింది. పచ్చ దీపం వెలిగినట్టు నేనే రాశాను. దానికి కట్టిన పరీక్షలో ఏముందో ఇన్నేళ్లలో మొదటిసారి తెరిచి చూశాను. తీగ మీద హైమ గారిని పిలిచాను. ఆమెది గట్టు. మా మూటల్లో సగం ఆమే రాస్తుంది.

"హైమ గారూ, ఉప్పు కొలతకి మీరు కట్టిన పరీక్ష ఇదొక్కటేనాండీ?"

"ఏదండీ?"

"ఉన్నావా అంటే ఉన్నానంటుంది. నీ కూర్పు సంఖ్యెంత అంటే పన్నెండంటుంది. అక్కడితో అయిపోయింది."

ఆమె చిన్నగా నవ్వింది. సిగ్గుపడ్డ నవ్వులా అనిపించింది.

"అంతేనండీ. మీ గేటుకి అది చాలు కదా. ఏ పరీక్షా కట్టకపోతే తొమ్మిది రోజులు ఎండు వరుసలో కూర్చోబెడతారు. ఇది కడితే సాయంత్రానికి లోపలికి. అందరం అదే చేస్తున్నాం."

"అందరూనా?"

"మీరే చూసుకోండి సలోమి గారూ. మూటలు ఎక్కువ, నాకున్నవి రెండు చేతులు."

తప్పెక్కడుందో సాయంత్రంలోపే ఆమె కనిపెట్టింది. కుండల్లో ఉప్పు కొలిచే పరికరాలను ఈ ఏడు మార్చారు. కొత్త పరికరం చెప్పే అంకెను మూట పాత పరికరం లెక్కలోనే చదువుతోంది. అందుకే ఎంత ఉప్పున్నా ముల్లు మంచి గీత దాటలేదు, ఉప్పు తక్కువే ఉందనుకుని కుండ దాన్ని తీయడం తగ్గించేసింది. ఆ మూటను వెనక్కి తీసుకుని, లెక్క సరిచేసి మళ్లీ పంపింది. నర్సు మళ్లీ కొలిచింది. నీళ్లు బాగున్నాయి.

దీనమ్మ కాళ్లు అలాగే ఉన్నాయి.

శనివారం. మబ్బు.

గేటులో ఉన్న మూటల పరీక్షలన్నీ తెరిచి చదివాను. పచ్చ దీపం తెచ్చుకున్నవాటిలో నాలుగింట మూడు వంతులు ఉన్నావా అంటే ఉన్నాననేవే. నిజంగా పని చేయించి చూసేవి కొన్నే. వీరభద్రం గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ ప్రశ్న గేటులో పెట్టింది నేనేనమ్మా. ఉప్పెన అయిన కొత్తలో తీగ సరిగా లేదు. మూటలు సగం సగం వచ్చేవి, విప్పితే దుమ్ము. ఉన్నావా అంటే పలికిందంటే అదే పండగ. మూటల్నేనా? మనుషుల్ని కూడా అదే అడిగాను. ఆ ఒక్క ప్రశ్న ఎంతమందిని బతికించిందో నీకు తెలుసు."

"తెలుసండీ. మా అత్తగారు పలకలేదనే కదండీ మీరు పరుగెత్తుకొచ్చారు."

"ఆయ్. మరి?"

"దీనమ్మ రోజూ పలికిందండీ. అందుకే ఎవరూ వెళ్లలేదు. బుధవారం దాకా నేనూ వెళ్లలేదు."

ఆయన వెళ్లేటప్పుడు గేటు గది తలుపు మీద ఒకసారి చెయ్యి వేశారు.

సోమవారం. తూర్పు గాలి. దూరంగా ఉరుములు.

చావిడిలో అందరినీ పిలిచారు. హైమ గారు తీగ మీద ఉన్నారు. వీరభద్రం గారే లేచి చెప్పారు.

"ఇల్లు పలకలేదంటే అక్కడేదో జరిగిందని అర్థం. పలికిందంటే మాత్రం ఏ అర్థమూ లేదు, నోరు పనిచేస్తోందంతే. మూట కూడా అంతే. ఉన్నావా అంటే పలకని మూటను ఎప్పటిలాగే ఎర్రదీపం పెట్టి తిప్పి పంపుదాం. ఊరికే పలికిన మూటకి పచ్చ ఇవ్వొద్దు. పరీక్ష కట్టనట్టే లెక్క. పసుపు. ఎండు వరుస."

వలల వరుస నుంచి జగ్గప్ప లేచాడు. అతనికి ఏ మాటా నెమ్మదిగా రాదు.

"అన్నీ పసుపైతే ఎండు వరుసలో చోటెక్కడుందండీ? ఉన్నదొక్క కుండ. ఇవాళొచ్చిన మూట దీపావళికి దిగుద్ది."

"అందుకే అసలు పరీక్షలు రాయమంటున్నాం. రాస్తే సాయంత్రానికే దిగుతుంది."

"రాయకపోతే?"

"రాయకపోతే దీపావళే."

కొందరు నవ్వారు. జగ్గప్ప నవ్వలేదు. తమ వరుస మోటారు ఆగితే దానికి మందు కూడా దీపావళికేనా అని అడిగాడు. ఒక పరీక్ష ఉత్తిదో నిజందో గేటుకెలా తెలుస్తుందని ఇంకొకరు అడిగారు. గేటుకు తెలియదు, రాసినవాళ్లే 'ఇది పలకరింపు పరీక్ష' అని గుర్తు పెట్టి పంపాలి అన్నారు వీరభద్రం గారు.

హైమ గారి గొంతు పైనున్న స్పీకరులోంచి వినిపించింది. "అంటే మా కూరలో రుచి లేదని మేమే చీటీ రాసి పంపాలాండీ?"

"ఆయ్, మీరే రాయాలి. వండినవాళ్లకే కదా తెలిసేది."

చావిడంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నియమం ఖాయమైంది. అందరూ గుర్తు పెడతారని నాకు నమ్మకం లేదు. కొందరు పెడతారు.

చావిడి నుంచి వస్తుంటే నర్సు నన్ను బల్లబాట మీద ఆపింది. దీనమ్మ మూత్రపిండం ఉప్పు దెబ్బ నుంచి తేరుకోవడం లేదని చెప్పింది. రక్తం యంత్రంతో కడగాలి. యంత్రం ఆరోగ్య గదిలో ఉంది, కానీ దాని పంపు విరిగింది. బియ్యం పడవ కిందటిసారి కొత్త రకం పంపు తెచ్చింది. ఆ పంపును నడపడం యంత్రంలోని పాత మూటకు తెలియదు. కొత్త మూట హైమ గారు రాస్తున్నారు. గట్టు మీది ఆసుపత్రికి తీసుకెళ్దామంటే వాయుగుండం లేచింది, పడవలు కట్టేశారు.

మంగళవారం. హోరుగాలి.

దీనమ్మను ఆరోగ్య గదికి తెచ్చాం. ముఖం కూడా ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చుంది.

రక్తం యంత్రం మూట పొద్దున్నే వచ్చింది. పరీక్ష నెగ్గింది. దీపం పసుపు.

హైమ గారే ముందు పిలిచారు.

"సలోమి గారూ, గుర్తు నేనే పెట్టానండీ. నిన్న అంతమందిలో నవ్వి, ఇవాళ గుర్తు పెట్టకపోతే బాగోదని పెట్టేశాను. ఈవిడ కోసమన్నది ఆ క్షణంలో తట్టలేదు. తీసేసి మళ్లీ పంపిస్తాను. గేటుకేం తెలుస్తుంది, పచ్చ వెలుగుతుంది."

"అప్పుడది పరీక్షించినట్టు అవుతుందాండీ?"

"అవదండీ. కానీ చాలా జాగ్రత్తగా రాశాను."

"ఉప్పు కొలత కూడా జాగ్రత్తగానే రాసుంటారు కదండీ."

నేను నిష్ఠూరంగా అనలేదు. ఆమెకు అలా వినిపించి ఉంటుంది.

వీరభద్రం గారు నా వెనకే నిలబడి ఉన్నారు. "లోపలికి వదిలెయ్యమ్మా. నియమం పెట్టుకున్నది కుండలకి. ఇది మనిషి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు."

కొంచెం సేపు ఇవ్వమని అడిగి గది మూల మోకాళ్లూనాను. కొన్ని రోజులు నా ప్రార్థన కూడా పలకరింపే. ఉన్నాను ప్రభువా అని లేచిపోతాను. ఇవాళ అలా లేవలేకపోయాను. నా నోటి మాట వల్ల దీనమ్మ చనిపోవచ్చు. నా నోటి మాట వల్లే ఆమె నరానికి ఎవరూ నడిపి చూడని యంత్రాన్ని తగిలించనూవచ్చు. ఆ రెండే ప్రభువు ముందు పెట్టాను. లేచి ఆరోగ్య గదికి వెళ్లి నర్సును ఒక్క మాట అడిగాను.

"ఎన్నాళ్లు ఆగగలదు?"

"ఎల్లుండి దాకా పరవాలేదు. ఆ తర్వాత నేను చెప్పలేను."

తొమ్మిది రోజులు లేవు. కానీ రెండున్నాయి. హైమ గారిని మళ్లీ పిలిచి అసలు పరీక్ష రాయడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

"రాయడం సాయంత్రానికి అయిపోతుందండీ. నడపాలంటే మాత్రం ఆ పంపు, ఆ యంత్రం ఉండాలి. నా దగ్గరేవీ లేవు."

"మా దగ్గరున్నాయి. మనిషికి బదులు ఏం పెట్టాలో చెప్పండి."

బకెట్ చాలంది. ఉప్పు నీళ్ల బకెట్.

దీనమ్మకు చెప్పాలి కాబట్టి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. గుర్తు తీసేస్తే ఈ సాయంత్రమే యంత్రం ఎక్కవచ్చన్నది కూడా దాచలేదు.

"అంటే నాకంటే ముందు బకెట్‌ని పడుకోబెడతారా?"

"దానికి ముందు. నీకు తర్వాత."

"దుప్పటి కప్పండి మరి, చలి పెడతాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీకు భయంగా లేదా అక్కా?"

"ఉంది."

"నాకూ ఉంది. బకెట్‌కే కానీయండి ముందు."

బుధవారం. గాలి అలాగే. వాన.

బకెట్‌లో కొలిచిన ఉప్పు కలిపాం. యంత్రం ట్యూబులు రెండూ అందులో ముంచాం. బకెట్ లోంచి ఒక లీటరు నీరు తీసెయ్యాలి, ఉప్పు ఇంతకు తగ్గాలి, ఇదీ హైమ గారు రాసిన పరీక్ష. మామూలుగా గేటు తనే అంతా చూసుకుంటుంది. ఇవాళ గేటు ఆజ్ఞలిస్తుంటే నర్సు కొలత పాత్ర పట్టుకుంది, నేను అంకెలు చదివాను.

యంత్రం ఒక లీటరు తీశానని చూపి ఆగింది. పాత్రలో లీటరుకు చాలా పైన ఉంది.

నర్సు పాత్రను కిటికీ వెలుతురులో పెట్టి మళ్లీ చూసింది. ఇది మనిషి ఒంట్లోంచి పోయి ఉంటే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పేదని, ఆ తర్వాత తన చేతుల్లో ఉండేది కాదని మామూలు గొంతుతోనే చెప్పింది. గేటులో ఎర్ర దీపం వెలిగింది.

వీరభద్రం గారు బయటికి వెళ్లి వానలో నిలబడ్డారు. పిలవలేదు నేను.

"హైమ గారూ, ఉన్నారాండీ?"

"ఉన్నానండీ. కొత్త పంపు ఒక్కో తిరుగుడుకు ఎక్కువ తోస్తుంది. ఎంత ఎక్కువో కంపెనీ కాగితం చూసి రాశాను. కాగితం తప్పు. మీ పాత్రలో ఎంతుందో సరిగ్గా చెప్పండి."

చెప్పాను. ఆమె దిద్ది పంపింది. బకెట్ పారబోసి మళ్లీ కలిపాం. ఈసారి పాత్రా యంత్రమూ ఒకే మాట చెప్పాయి. నర్సు నమ్మక ఇంకోసారి చేయించింది. అప్పుడూ అంతే. ఉప్పు కూడా అనుకున్నంతే తగ్గింది. మధ్యాహ్నం పచ్చ దీపం వెలిగింది. నేను ఈ కుర్చీలో కూర్చున్నాక ఎందుకు వెలిగిందో నాకు తెలిసిన మొదటి పచ్చ దీపం అదే.

గురువారం. గాలి తగ్గింది, అల తగ్గలేదు.

పొద్దున దీనమ్మను యంత్రం పక్కన పడుకోబెట్టారు. నర్సు సూది చేతిలోకి తీసుకుంటే ఆగమంది.

"అక్కా, దీన్ని ఏమేం అడిగారు?"

"చెప్పినంత నీరే తీస్తావా అని అడిగాం. ఉప్పు తగ్గిస్తావా అని అడిగాం. రెండుసార్లు సరిగ్గా చేసింది."

"ఏం అడగలేదు?"

పచ్చ దీపం వెలిగాక ఎవరూ అడగని ప్రశ్న. నేను ఆలోచించాను. నర్సు నా వైపు చూసింది.

"మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తుందో అడగలేదు."

మా పేటలో కరెంటు అలల మీద ఆధారపడింది. వాయుగుండం రోజుల్లో ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం.

"పోతే ఏటి దారి?"

పంపు పక్కన ఒక చేతి పిడి ఉందని నర్సు చూపించింది. కరెంటు పోతే దాన్ని తిప్పి ట్యూబుల్లో ఉన్న రక్తాన్ని ఒంట్లోకి చేర్చెయ్యాలి, ఆలస్యమైతే గడ్డకడుతుంది. ఆ అడగని సంగతి కూడా పరీక్షించాకే ఎక్కిద్దామా అని అడిగాను. నర్సు నీలంబారిన దీనమ్మ పెదాల వైపు చూసి, ఇంక ఆగే వీల్లేదంది.

"సరే," అంది దీనమ్మ. "నువ్వా పిడి పట్టుక్కూర్చో అక్కా. కునుకు తీసావంటే మాత్రం ఊరుకోను."

"నీ పక్కన కునుకెలా పడుతుందే, వాగుతూనే ఉంటావు కదా."

సూది ఎక్కించారు. ట్యూబులు ఎర్రబడ్డాయి. నేను పిడి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. దీనమ్మ కాసేపు జగ్గప్ప నడకను వెక్కిరించింది, కాసేపు పాట అందుకుని ఆయాసంతో వదిలేసింది, తర్వాత నిద్రపోయింది. ఒకసారి దీపం మసకబారింది. నేను సగం లేచాను. మళ్లీ మామూలైంది. మధ్యాహ్నం దాటాక యంత్రం పని ముగించి ఆగింది. నర్సు సూదులు తీసింది. దీనమ్మ ఇన్ని రోజుల తర్వాత వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకుంది. పిడి మీద నుంచి నా వేళ్లు వెంటనే విడిపోలేదు, నర్సు ఒక్కొక్కటీ విప్పింది.

నేను స్తోత్రం చెప్పుకుంటుండగా హైమ గారు తీగ మీదికి వచ్చారు.

"ఆవిడ దిగారాండీ? అయితే బకెట్ పెట్టి, మధ్యలో కరెంటు తీసెయ్యండి. నాకు పొద్దున్నుంచీ అదే మనసులో తిరుగుతోంది."

బకెట్ పెట్టాం. సగం లీటరు తీశాక నర్సు ప్లగ్గు లాగింది. యంత్రం ఆగింది. మళ్లీ పెట్టింది. యంత్రం లేచి, అప్పటిదాకా తీసినది మరిచిపోయి, లీటరు లెక్క మొదటి నుంచి మొదలుపెట్టింది.

దీపం మసకబారినప్పుడు కరెంటు పూర్తిగా పోయి తిరిగి వచ్చి ఉంటే, అప్పటికే తీసినదాని మీద మళ్లీ మొత్తం తీసి దీనమ్మను ఏం చేసేదో అందరికీ అర్థమైంది. పోలేదు, అంతే. అందులో మా గొప్పేమీ లేదు. ఈ ప్రశ్నను కూడా హైమ గారితో పరీక్షలో చేర్పించి మళ్లీ నడిపించాను. ఎర్ర దీపం వెలిగింది. ఒకసారి దీనమ్మ ప్రాణాన్ని మోసిన మూట ఎదుట ఎరుపు అని రాశాను. కింద, అడిగినవి ఇవి, ఇంకా అడగనివి ఇవి అని రెండు వరుసలు రాశాను. వీరభద్రం గారు చూశారు. ఇకమీద ప్రతి పచ్చ దీపం కిందా అలాగే రాయమన్నారు.

దీనమ్మ మళ్లీ ఆదివారం యంత్రం ఎక్కాలి.

"శనివారం పొద్దుటికి దిద్ది పంపిస్తానండీ," అన్నారు హైమ గారు. "ఈసారి పలకరింపు గుర్తు పెట్టే పని ఉండదు."

"ఆగండాగండి," అంది దీనమ్మ మంచం మీది నుంచి. మోచేతి మీద లేచింది. "ఆ అడగని వరసలో ఇంకా ఏటేటి రాసారు?"

చదివాను. రెండే ఉన్నాయి.

"సరిపోవు. దాని కింద పడుకునేది నేను, నేను చెప్తాను, రాసుకోండి. నిద్దట్లో నాకు చెయ్యి కదులుద్ది. ట్యూబు మడత పడితే అదేం చేత్తాది? నాకు దగ్గొచ్చి ఒళ్లంతా ఊగిపోతే? సూది ఊడొచ్చేత్తే దానికి తెలుత్తాదా, నేల మీదికి తోసేసుకుంటా పోద్దా?"

తీగ అవతల కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇంకా చెప్పండమ్మా," అన్నారు హైమ గారు.